నానో సాంకేతిక పరిశోధన సదస్సుల్లో విద్యార్థుల భాగస్వామ్యం: ఆర్థిక చేయూత – విద్యాపరమైన సన్నద్ధత

వ్యాస సంగ్రహం:
నానో సాంకేతికత భౌతిక, రసాయన, జీవ, ఇంజనీరింగ్ శాస్త్రాలు కలిసే పరిశోధన క్షేత్రం. ఖరీదైన పరికరాలపైనా, భిన్న శాస్త్రాల నిపుణుల సహకారంపైనా ఇది ఆధారపడి ఉంటుంది. అందువల్ల సదస్సు అవసరం అన్ని సౌకర్యాలూ ఉన్న సంస్థల విద్యార్థుల కంటే, అవి లేని విశ్వవిద్యాలయాల విద్యార్థులకే అధికం. సహాయ పథకాల స్వరూపం మాత్రం తరచుగా ఇందుకు భిన్నంగా ఉంటుంది. నానో పరిశోధనకు సదస్సుతో ఉన్న ప్రత్యేక సంబంధం, భారతదేశంలో నానో సదస్సుల నేపథ్యం, విద్యార్థి భరించవలసిన వ్యయం, ప్రస్తుత సహాయ విధానాలు, వాటిలోని లోపాలు, విద్యార్థికి కావలసిన సన్నద్ధత అనే అంశాలను వివరించి, తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలకు అనువైన కొన్ని సూచనలు చేయడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: నానో సాంకేతికత, పరిశోధన సదస్సు, పరిశోధక విద్యార్థి, ప్రయాణ సహాయం, పోస్టరు సమర్పణ, నకిలీ సదస్సులు.

1. ఉపోద్ఘాతం:
మీటరులో వందకోట్లవ భాగాన్ని నానోమీటరు అంటారు. సుమారు 1 నుంచి 100 నానోమీటర్ల పరిమాణంలో పదార్థం చూపే ప్రత్యేక ధర్మాలను పరిశీలించి, వాటిని ఉపయోగంలోకి తెచ్చే విద్యే నానో సాంకేతికత. 1959 డిసెంబరులో అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ కాలిఫోర్నియాలో చేసిన ప్రసంగాన్ని ఈ రంగానికి నాందిగా పేర్కొనడం పరిపాటి. ఆ ప్రసంగం కూడా ఒక శాస్త్రసంఘ సమావేశంలో చేసినదే. 1974లో జపాన్‌కు చెందిన నోరియో తానిగుచి ‘నానో టెక్నాలజీ’ అనే పదాన్ని ప్రయోగించారు. 1981లో రూపొందిన స్కానింగ్ టనెలింగ్ సూక్ష్మదర్శిని పరమాణువులను ఒక్కొక్కటిగా చూసే అవకాశాన్ని కల్పించింది. దాని రూపకర్తలు బినిగ్, రోరర్‌లు 1986లో నోబెల్ పురస్కారాన్ని పంచుకున్నారు.

పరిశోధన పత్రాలన్నీ అంతర్జాలంలో లభిస్తున్న ఈ కాలంలో విద్యార్థి వందల కిలోమీటర్లు ప్రయాణించి సదస్సుకు వెళ్ళడం అవసరమా అనే ప్రశ్న సహజం. దీనికి సమాధానం నానో పరిశోధన స్వభావంలోనే ఉంది. దానిని గ్రహిస్తే సహాయం ఎవరికి, ఎప్పుడు, ఏ రూపంలో అందాలో స్పష్టమవుతుంది.

2. నానో పరిశోధన – సదస్సు ఆవశ్యకత:
ఒకే బంగారు నానోకణాన్ని రసాయన శాస్త్రవేత్త తయారీ దృష్టితోనూ, భౌతిక శాస్త్రవేత్త కాంతి శోషణ దృష్టితోనూ, జీవశాస్త్రవేత్త కణజాలంపై ప్రభావం దృష్టితోనూ చూస్తారు. ఒక విద్యార్థికి ఈ మూడు దృష్టులూ సొంత విభాగంలో లభించడం అరుదు. సదస్సులో అవి ఒకే చోట ఎదురవుతాయి.

దీనిని ఒక ఉదాహరణతో వివరించవచ్చు. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి జింకు ఆక్సైడు నానోకణాలు తయారుచేశాడని అనుకుందాం. విభాగంలో ఎక్స్‌కిరణ వివర్తన పరికరం మాత్రమే ఉంది. వివర్తన రేఖ వెడల్పును బట్టి పరిమాణం లెక్కగట్టే సూత్రాన్ని పౌల్ షెరర్ 1918లో ప్రతిపాదించారు. విద్యార్థి దానిని ఉపయోగించి తన కణాల పరిమాణం 20 నానోమీటర్లని పోస్టరుపై ప్రకటించాడు. పోస్టరు ముందు నిలిచిన ఒక అనుభవజ్ఞుడు మూడు ప్రశ్నలు వేస్తాడు. పరికరం వల్ల రేఖకు వచ్చిన అదనపు వెడల్పును తీసివేశారా? స్ఫటికంలోని వికృతి వల్ల వచ్చిన వెడల్పును వేరుచేశారా? ఆ సూత్రం ఇచ్చేది స్ఫటికాంశం పరిమాణమే. ఒక కణంలో అనేక స్ఫటికాంశాలు ఉండవచ్చు కదా, అటువంటప్పుడు దానిని కణపరిమాణమని ఎలా అన్నారు?

కాంతి పరిక్షేపణ పద్ధతిలోనూ ఇటువంటి చిక్కే ఉంది. అతి చిన్న కణాలు పరిక్షేపించే కాంతి వాటి వ్యాసం ఆరవ ఘాతానికి అనులోమంగా ఉంటుంది. 10 నానోమీటర్ల కణంతో పోలిస్తే 100 నానోమీటర్ల కణం ఇంచుమించు పదిలక్షల రెట్లు ఎక్కువ కాంతిని పరిక్షేపిస్తుంది. ద్రావణంలో కొద్దిపాటి ముద్దలు ఉన్నా ఫలితం వాటివైపే మొగ్గుతుంది. ఈ సంగతులు పాఠ్యగ్రంథాల్లో లేకపోలేదు. అయితే తన సొంత కొలత ముందు నిలబడి ఈ ప్రశ్నను ఎదుర్కొన్నప్పుడే విద్యార్థికి దాని బరువు తెలుస్తుంది. ఈ ప్రశ్న సదస్సులో ఎదురైతే ప్రయోగాన్ని సరిదిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. సిద్ధాంత గ్రంథ పరీక్షకుని నివేదికలో ఎదురైతే ఆ వ్యవధి ఉండదు.

రెండవ ప్రయోజనం పరికరాలకు సంబంధించినది. ప్రసరణ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వంటివి అన్ని విశ్వవిద్యాలయాల్లోనూ ఉండవు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, ఐఐటి బొంబాయి కేంద్రాలుగా మొదలైన ‘ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రామ్’ బయటి సంస్థల పరిశోధకులకు తమ ప్రయోగశాలల్లో శిక్షణ, పని అవకాశం కల్పిస్తున్నది. అటువంటి సదుపాయం ఉన్నదని, దానికి ఎవరిని సంప్రదించాలని చిన్న సంస్థల విద్యార్థికి తెలిసే మార్గాల్లో సదస్సు ముఖ్యమైనది. పరికరం ఉన్న సంస్థ విద్యార్థికి సదస్సు అదనపు లాభం. లేని సంస్థ విద్యార్థికి అది పరిశోధన సాగడానికే ఆధారం.

3. భారతదేశంలో నానో సదస్సులు:
కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక విభాగం 2001లో నానో విజ్ఞాన, సాంకేతిక కార్యక్రమాన్ని ప్రారంభించింది. 2007లో అది ఐదేళ్ళకు 1,000 కోట్ల రూపాయల కేటాయింపుతో ‘నానో మిషన్’గా విస్తరించింది. ఆచార్య సి.ఎన్.ఆర్. రావు నాయకత్వం వహించిన నానో మిషన్ మండలి మౌలిక పరిశోధనతో పాటు మానవ వనరుల అభివృద్ధిని కూడా లక్ష్యంగా స్వీకరించింది. స్నాతకోత్తర కోర్సులకు సహాయం, పరికరాల కేంద్రాల స్థాపన, సదస్సుల నిర్వహణ అందులో భాగాలు.

ఈ కార్యక్రమాల ఆధ్వర్యంలో సాగిన ‘ఐకాన్‌శాట్’ అంతర్జాతీయ సదస్సు దేశంలోని నానో పరిశోధకులకు ప్రధాన వేదిక అయింది. ఇది ఒకే నగరానికి పరిమితం కాలేదు. 2012లో హైదరాబాదులో, 2014లో మొహాలీలో, 2016లో పుణెలో, 2018లో బెంగళూరులో జరిగింది. హైదరాబాదు సదస్సును నగర శివారు బాలాపూర్‌లోని ‘ఆర్సీ’ పరిశోధన కేంద్రం నిర్వహించింది. సదస్సు ఇలా ఊరు మారడంలో విద్యార్థికి నేరుగా కలిగే మేలు ఉంది. తన నగరంలోనో, పొరుగు జిల్లాలోనో సదస్సు జరిగినప్పుడు ప్రయాణ, వసతి వ్యయాలు దాదాపు తప్పిపోతాయి. ప్రయాణానికి అనుమతించని కుటుంబాల నుంచి వచ్చిన విద్యార్థినులకు కూడా వేదిక అందుబాటులోకి వస్తుంది. కర్ణాటక ప్రభుత్వం నిర్వహించే ‘బెంగళూరు ఇండియా నానో’ సదస్సులో ‘నానో ఫర్ ది యంగ్’ పేరుతో విద్యార్థులకు ప్రత్యేక కార్యక్రమం ఉండటం మరొక మంచి నమూనా.

4. వ్యయభారం – సహాయ విధానాలు:
4.1 ఫెలోషిప్పుల్లోని అంతరాలు:
జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ మొత్తాన్ని 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలకు, సీనియర్ ఫెలోషిప్‌ను 42,000 రూపాయలకు పెంచారు. సి.ఎస్.ఐ.ఆర్. ఫెలోషిప్‌లో ఏటా 20,000 రూపాయల కంటింజెన్సీ నిధి ఉంటుంది. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ పొందినవారికి ఏటా 2 లక్షల రూపాయల పరిశోధన నిధి లభిస్తుంది. నెట్ అర్హత లేని పిహెచ్.డి. విద్యార్థులకు యు.జి.సి. ఇచ్చే నెలకు 8,000 రూపాయల ఫెలోషిప్ కేంద్ర విశ్వవిద్యాలయాలకే పరిమితం. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏ ఫెలోషిప్పూ లేకుండా, ప్రైవేటు కళాశాలల్లో బోధిస్తూ పరిశోధన సాగించేవారు ఉన్నారు.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే సమస్య తేటతెల్లమవుతుంది. 20,000 రూపాయల కంటింజెన్సీ నిధి ఉన్న విద్యార్థి కూడా అందులో నుంచే రసాయనాలు, పరికరాల పరీక్షల రుసుములు, పుస్తకాలు, ప్రయాణాలు అన్నీ సర్దుకోవాలి. సొంత విభాగంలో పరికరం లేనివారు ప్రతి నమూనాకూ బయట రుసుము చెల్లించవలసి వస్తుంది. అంటే పరికరం లేని చోటనే కంటింజెన్సీ నిధి ముందుగా కరిగిపోతుంది. సదస్సు అత్యవసరమైన విద్యార్థి చేతిలోనే దానికి డబ్బు మిగలదు.

4.2 విదేశీ ప్రయాణ సహాయం:
విదేశీ సదస్సుల్లో పత్రం సమర్పించే యువ పరిశోధకులకు విమాన ఛార్జీలు, నమోదు రుసుము వంటివి భరించేందుకు సైన్స్ అండ్ ఇంజనీరింగ్ రీసెర్చ్ బోర్డు ప్రయాణ సహాయ పథకాన్ని నిర్వహించింది. 2023 నాటి చట్టంతో ఆ బోర్డు అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో విలీనమైంది. సి.ఎస్.ఐ.ఆర్. కూడా యువ పరిశోధకులకు ప్రయాణ సహాయం అందించింది. ఈ పథకాల వల్ల ఎందరో మొదటిసారి విదేశీ వేదికను చూడగలిగారు. అయితే విద్యార్థి అందుకోవలసిన గడువుల వరుస వీటికి ఎప్పుడూ అనుకూలంగా ఉండదు. పత్ర సారాంశం ఆమోదం పొందాలి. ఆ ఆమోద పత్రంతో సహాయానికి దరఖాస్తు చేయాలి. సహాయం మంజూరయ్యే లోపే తక్కువ రుసుముతో నమోదు చేసుకొనే గడువు ముగుస్తుంది. వీసాకు వేచి ఉండాలి. ఆలస్యమైన కొద్దీ విమాన టికెట్టు ధర పెరుగుతుంది.

4.3 ముందు ఖర్చు – తరువాత చెల్లింపు:
ప్రయాణ సహాయాల్లో చాలావరకు ప్రయాణానంతరం రసీదులు, బోర్డింగ్ పాసులు, హాజరు పత్రం సమర్పించిన తరువాతే సొమ్ము విడుదలవుతుంది. జీతం వచ్చే అధ్యాపకునికి ఇది కొన్ని నెలల అసౌకర్యం మాత్రమే. కౌలు రైతు ఇంటి నుంచో, దినకూలీ ఇంటి నుంచో వచ్చిన విద్యార్థికి మాత్రం ఇది అప్పు చేయడమా, ప్రయాణం మానుకోవడమా అనే సమస్య. మంజూరైన సహాయాన్ని కూడా వదులుకొనే పరిస్థితి ఇక్కడే ఏర్పడుతుంది. దరఖాస్తే చేయని విద్యార్థి లెక్కల్లోకి రాడు కాబట్టి ఈ లోపం నివేదికల్లో కనిపించదు. మొత్తం నిధిని పెంచకపోయినా, చెల్లింపు వేళను మార్చడం ద్వారానే కొందరికి తలుపు తెరవవచ్చు.

5. ఇతర దేశాల అనుభవాలు:
అమెరికాలో 2000 జనవరిలో ప్రకటించిన జాతీయ నానో సాంకేతిక కార్యక్రమం తరువాత ఈ రంగానికి ప్రత్యేక సదస్సులు పెరిగాయి. ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ నానో సదస్సు 2001లో హవాయిలో మొదలైంది. ఆ దేశపు నేషనల్ సైన్స్ ఫౌండేషన్ విద్యార్థుల సహాయాన్ని తరచుగా సదస్సు నిర్వహణతో సంబంధమున్న ఆచార్యుల ద్వారా అందిస్తుంది. ఒక సదస్సుకు ఒకే మంజూరు లభిస్తుంది. నిర్వాహకులు దరఖాస్తులు పిలిచి విద్యార్థులను ఎంపిక చేస్తారు. ఎంపికలో సమర్పణ నాణ్యతతో పాటు మొదటిసారి వచ్చేవారికి, చిన్న సంస్థలవారికి, మహిళలకు, ప్రాతినిధ్యం తక్కువగా ఉన్న వర్గాలకు ప్రాధాన్యం ఇవ్వడం కద్దు. ఈ పద్ధతిలో సహాయ నిర్ణయం, పత్రాల ఎంపిక ఒకే కాలపట్టికలో నడుస్తాయి. గడువుల పొంతన కుదరకపోవడమనే సమస్య దీనివల్ల చాలావరకు తగ్గుతుంది.

1931 నుంచి సాగుతున్న గోర్డన్ పరిశోధన సదస్సులు మరొక మార్గం చూపాయి. అక్కడ వెల్లడైన విషయాలను బయట ఉటంకించరాదనే నియమం వల్ల అసంపూర్ణ ఫలితాలను కూడా స్వేచ్ఛగా చర్చించగలుగుతారు. ప్రధాన సదస్సుకు ముందు పరిశోధక విద్యార్థులు, యువ పరిశోధకులు తామే నిర్వహించుకొనే ప్రత్యేక గోష్ఠులు అనేక అంశాలపై జరుగుతాయి. పెద్దల ఎదుట నోరు విప్పడానికి జంకే విద్యార్థికి అది మొదటి మెట్టు. 1964లో అబ్దుస్ సలాం ఇటలీలోని ట్రియెస్టెలో స్థాపించిన అంతర్జాతీయ సైద్ధాంతిక భౌతిక శాస్త్ర కేంద్రం అభివృద్ధి చెందుతున్న దేశాల శాస్త్రవేత్తలు సొంత దేశంలో ఉంటూనే ప్రపంచ పరిశోధనతో సంబంధం నిలుపుకోవాలనే ఆశయంతో పనిచేస్తున్నది. మారుమూల సంస్థలో ఏకాకిగా మిగిలిపోయిన పరిశోధకుడు ఆ పనినే వదులుకొనే ప్రమాదం ఉందన్న గ్రహింపు ఆ ఆశయానికి మూలం.

6. విద్యాపరమైన సన్నద్ధత:
టికెట్టు కొనివ్వడంతో చేయూత పూర్తికాదు. సదస్సుకు ముందు, తరువాత జరిగే పనులే దాని ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

6.1 సారాంశ రచన: ఏ ప్రశ్నకు సమాధానం వెదికారు, ఏ పద్ధతిలో వెదికారు, ఏ అంకె వచ్చింది, దాని అర్థమేమిటి అనే నాలుగు విషయాలు సారాంశంలో ఉండాలి. ఫలితం రాకముందే పంపిన సారాంశంలో ఆశించిన ఫలితాన్ని వచ్చినట్లుగా రాయడం తగదు.

6.2 పోస్టరు: నానో పరిశోధనలో చిత్రమే సాక్ష్యం. సూక్ష్మదర్శిని చిత్రంపై కొలబద్ద గీత తప్పనిసరి. కంటికి నచ్చిన ఒక్క చిత్రంతో సరిపెట్టక, ఎన్ని కణాలను కొలిచారో, సగటు ఎంతో, విస్తరణ ఎంతో తెలపాలి. సహరచయితలందరి అనుమతి ముందుగా పొందాలి.

6.3 భాష: తెలుగు మాధ్యమంలో చదివివచ్చిన విద్యార్థులు అనేకులు విషయం తెలిసి కూడా ఆంగ్లంలో ప్రశ్నను ఎదుర్కోవడానికి వెనుకాడుతారు. విభాగంలో ముందుగా తెలుగులో చర్చించి, అదే విషయాన్ని తరువాత ఆంగ్లంలో చెప్పించే అభ్యాస గోష్ఠి ఈ జంకును తగ్గిస్తుంది. ప్రశ్న అర్థం కానప్పుడు మరల అడగమని కోరడం, తెలియని దానిని తెలియదని చెప్పడం కూడా నేర్పవలసిన విద్యలే.

6.4 మేధాసంపత్తి: బహిరంగంగా వెల్లడించిన ఆవిష్కరణకు పేటెంటు పొందడం కష్టమవుతుంది. విద్వత్సంఘం ఎదుట చదివిన పత్రానికి భారతీయ పేటెంటు చట్టం పరిమితమైన 12 నెలల మినహాయింపు ఇచ్చినా, అన్ని దేశాల చట్టాలూ అలా ఇవ్వవు. పేటెంటుకు అవకాశమున్న అంశమైతే సదస్సుకు ముందే దరఖాస్తు దాఖలు చేయడం క్షేమం.

7. ధ్రువపత్రాల సదస్సులు – నకిలీ సదస్సులు:
యు.జి.సి. 2016 నిబంధనలు పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథ సమర్పణకు ముందు రెండు సదస్సుల్లో పత్ర సమర్పణను తప్పనిసరి చేశాయి. ఉద్దేశం మంచిదే అయినా, చర్చకు తావులేని, ధ్రువపత్రం చేతికిచ్చి పంపే సదస్సులకు అది గిరాకీ కల్పించింది. 2022 నిబంధనల్లో ఆ షరతు లేదు. దీనివల్ల మొక్కుబడి సమర్పణల ఒత్తిడి తగ్గింది. అదే సమయంలో, నియమం లేదు కాబట్టి విద్యార్థిని పంపవలసిన అవసరమూ లేదని విభాగాలు భావించే ప్రమాదం ఏర్పడింది. ఇకపై విద్యార్థి సదస్సుకు వెళ్ళడం పర్యవేక్షకుని శ్రద్ధపైనా, సంస్థ విధానంపైనా ఆధారపడి ఉంటుంది.

నకిలీ సదస్సుల బెడద ఇంతకంటె తీవ్రమైనది. నానో రంగానికున్న ఆకర్షణ వల్ల ఈ పేరుతో వచ్చే ఆహ్వానాలు అసంఖ్యాకం. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన ఒక ప్రచురణ, సదస్సుల సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. రాని శాస్త్రవేత్తలు వస్తున్నట్లు సదస్సుల ప్రకటనల్లో పేర్కొన్నారన్నది ఆరోపణల్లో ఒకటి. 2019లో న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించవలసిందిగా తీర్పునిచ్చింది. ఆహ్వానం అందిన విద్యార్థి కొన్ని విషయాలు పరిశీలించాలి: నిర్వాహక సంఘంలో పేరున్నవారు తమ సొంత సంస్థ పుటల్లో దానిని పేర్కొన్నారా? గత సదస్సుల కార్యక్రమ పట్టికలు లభిస్తున్నాయా? సంబంధం లేని అనేక శాస్త్రాలకు ఒకే వేదికపై ఒకే రోజున సదస్సు జరుగుతున్నదా? సారాంశం పంపిన కొద్ది గంటల్లోనే ఆమోదం వచ్చిందా? తెలియక చెల్లించిన రుసుము ఒక విద్యార్థికి ఏడాది కంటింజెన్సీ నిధితో సమానం కావచ్చు.

8. అంతర్జాల సదస్సులు:
2020 మార్చిలో డెన్వర్‌లో జరగవలసిన అమెరికన్ ఫిజికల్ సొసైటీ మహాసభ కోవిడ్ కారణంగా చివరి నిమిషంలో రద్దయింది. ఆ తరువాత సదస్సులు అంతర్జాలంలోకి మారాయి. ప్రయాణ వ్యయం, వీసా అడ్డంకి లేకుండా విద్యార్థులు ప్రసంగాలు వినగలిగారు. ఈ లాభాన్ని వదులుకోరాదు. అయితే పోస్టరు ముందు జరిగే సంభాషణ, భోజన సమయంలో కలిగే పరిచయం, ‘మీ నమూనా పంపండి, మా పరికరంపై చూద్దాం’ అనే మాట తెరపై అరుదుగా లభిస్తాయి. అంతర్జాల సదస్సును మొదటి పరిచయానికీ, ప్రత్యక్ష సదస్సును పరిశోధన నడిమి దశకూ వినియోగించడం ఉచితం.

9. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలకు సూచనలు:
1. ప్రయాణ సహాయంలో అధిక భాగాన్ని ముందుగానే చెల్లించాలి. నమోదు రుసుమును, టికెట్టును విశ్వవిద్యాలయమే నేరుగా కొని ఇచ్చే పద్ధతి ఇంకా మేలు.
2. ఫెలోషిప్ లేనివారికి, మొదటిసారి వెళ్ళేవారికి నిధిలో కొంత భాగం ప్రత్యేకించాలి.
3. విదేశీ ప్రయాణం కంటే ముందు దేశంలోని ఒక ప్రామాణిక సదస్సులో పాల్గొనే అవకాశం ప్రతి విద్యార్థికీ కల్పించాలి. ఒకరి విదేశీ ప్రయాణ వ్యయంతో పలువురిని దేశీయ సదస్సుకు పంపవచ్చు.
4. సదస్సుకు వెళ్ళే విద్యార్థులను బృందంగా పంపి, విద్యార్థినులకు సురక్షితమైన వసతిని సంస్థే ఏర్పాటు చేయాలి.
5. సదస్సు నగరంలోని ప్రయోగశాలను ఒకరోజు సందర్శించేలా ప్రయాణాన్ని రూపొందించాలి.
6. తిరిగి వచ్చిన తరువాత ధ్రువపత్రంతో పాటు ఒక పుట నివేదిక కోరాలి. ఎదురైన ప్రశ్నలు, పరిచయమైన పరిశోధకులు, ప్రయోగంలో చేయదలచిన మార్పులు అందులో ఉండాలి. ఆ విషయాలను విభాగంలో తెలుగులో వివరింపజేస్తే వెళ్ళనివారికీ ప్రయోజనం కలుగుతుంది.

10. ముగింపు:
నానో పరిశోధనలో సదస్సు ప్రయోగశాలకు కొనసాగింపు. అక్కడ విద్యార్థి కొలతలకు పరీక్ష జరుగుతుంది. లేని పరికరానికి దారి దొరుకుతుంది. ఇతర శాస్త్రాల దృష్టి పరిచయమవుతుంది. సౌకర్యాలు తక్కువగా ఉన్న చోటి విద్యార్థికి ఈ మూడూ అత్యవసరం. ప్రస్తుత సహాయ విధానాల్లో నిధుల కొరతతో పాటు గడువుల పొంతన లేకపోవడం, ముందుగా ఖర్చు భరించవలసి రావడం ప్రధాన అవరోధాలని పై వివరణ వల్ల స్పష్టమవుతున్నది. ఎంతమందిని పంపారనే లెక్కతో పాటు, వెళ్ళలేకపోయినవారు ఎవరు, ఎందుకు వెళ్ళలేకపోయారు అనే లెక్కను కూడా విశ్వవిద్యాలయాలు సేకరించాలి. ఆ రెండవ లెక్క ఆధారంగా రూపొందిన సహాయమే అవసరమైన విద్యార్థికి చేరుతుంది.